ప్రళయం తర్వాత పిండి పొంగిందా?

నా తోడల్లుడు రఘు ఒక రాయిని తిప్పాడు. ఆ వింత చూడ్డానికి న్యూజీలాండ్‌లో ఆక్లాండ్ శివారు టకానిని నుంచి పామర్‌స్టన్ నార్త్ దాకా వెళ్ళి, కళ్ళల్లో నిప్పులు పోసుకుని తిరిగొచ్చాను. చూడనివాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నేనొక్కణ్ణే ఎందుకు కుళ్ళాలి?

రఘు అంటే మా ఆవిడ పద్మ చెల్లెలు లత మొగుడు. కడప మనిషి. తాటిచెట్టంత ఎత్తు, తల నిండా జుట్టు. ఈ రెండిటికే అతన్ని క్షమించడం కష్టం. దానికి తోడు చేతిపని వచ్చు. మా ఇంటికి వస్తే చెప్పులు విప్పకముందే కారే కుళాయి కట్టేస్తాడు, కిర్రుమనే తలుపు నోరు మూయిస్తాడు. నేను ఏడాదిగా వాయిదా వేస్తున్న పనిని అతను టీ చల్లారేలోపు ముగిస్తే, పద్మ నా వైపు ఒక చూపు చూస్తుంది. ఆ చూపు మీద ఎసరు పెడితే అన్నం ఉడుకుతుంది.

మొన్న క్రిస్మస్ సెలవులకి వచ్చినప్పుడు మా గరాజ్‌లోకి వెళ్ళి ఏదో కొలుచుకున్నాడు. అతను వెళ్ళాక చూస్తే కుళాయి పక్కన నేల మీద సుద్దముక్కతో గీసిన గుండ్రం ఒకటి కనిపించింది. నా ఇంట్లో నాకు తెలియకుండా ఇంకేదో బాగుచేయబోతున్నాడని నా ఒళ్ళు భగ్గున మండింది.

అప్పటికే పాపం అతని ఆఫీసులో 'రీస్ట్రక్చర్' జరిగింది. ఈ దేశంలో ఉద్యోగం పీకేయడాన్ని అలా అంటారు. వినడానికి ఇంటికి సున్నం వేస్తున్నట్టుంటుంది. వెతగ్గా వెతగ్గా అతనికి దొరికిన ఆశ ఒక్కటే. పామర్‌స్టన్ నార్త్ అవతల జిల్ అనే ఆవిడకి పెద్ద ఫారం ఉంది. ఏటా ఈస్టర్ సెలవులకి అక్కడ జనం చేరి, ప్రపంచం అంతమై వెయ్యేళ్ళు గడిచిపోయాయనుకుంటారు. కరెంటు లేదు, కొట్లు లేవు, ఫోన్లు లేవు. మనిషి మరిచిపోయిన పనిముట్లని రాయీ కర్రా మట్టితో మొదటినుంచి మళ్ళీ చేస్తారు. ఈసారి రఘు ఏటి నీటితో తిరిగే రుబ్బురోలు చేస్తున్నాడు. "నీ యంత్రం తిరగాలి, అది రుబ్బిన తిండి ఇక్కడి జనం తినాలి. అప్పుడు ఏడాది పొడుగునా బడిపిల్లలకి ఇవన్నీ నేర్పే ఉద్యోగం నీది" అందిట జిల్.

తిరక్కపోతే? రఘు, లత ఇల్లు ఖాళీ చేసి ఆక్లాండ్ వచ్చేస్తారు. పని దొరికేదాకా మా ఇంట్లోనే ఉంటారు. పద్మ అప్పుడే చిన్న గదిలో మంచం వేసేసింది.

నా అవస్థ చూడండి. రఘు గెలిస్తే మా అత్తవారి వాట్సాప్ గుంపులో జీవితాంతం ఆ రోలుకి హారతులు పట్టాలి. ఓడితే ఆ మనిషి నా ఇంట్లో, నా కళ్ళ ముందు, నా కుళాయిలన్నీ కట్టేస్తూ తిరుగుతాడు. ఏ దేవుడికి మొక్కాలో, ఏమని మొక్కాలో తెలియక, ఇద్దరు ముగ్గురికి విడివిడిగా విరుద్ధమైన మొక్కులు మొక్కుకుని బయల్దేరాను. పద్మకి ఆస్పత్రి డ్యూటీ. వెళ్తూంటే గేటు దగ్గర అంది: "చూడండి, అక్కడికెళ్ళి నోరు పారేసుకోకండి. వీలైతే సాయం చెయ్యండి. చేతకాకపోతే కూర్చోండి."

చివరికి కూర్చోవడమే పనికొచ్చింది. అది తర్వాత చెప్తాను.

పాపకూరలో నాయుడు ఆంటీ

మా పక్క ఊరు పాపకూరలో రెండు సరుకులు ఎక్కించుకోవాలి. ఒకటి మినపగుళ్ళు. పామర్‌స్టన్ నార్త్‌లో దొరికే పప్పు పాతదనీ, పాపకూర కొట్టులోదే బాగా పొంగుతుందనీ రఘు ఫోన్ చేసి మరీ చెప్పాడు. రెండోది నాయుడు ఆంటీ. ఆవిడ ఫిజీ తెలుగావిడ. వాళ్ళ తాత చెరకు నరకడానికి ఓడెక్కి ఫిజీ వెళ్ళాడు, ఆంటీ విమానమెక్కి పాపకూర వచ్చింది. కూతురు పామర్‌స్టన్ నార్త్ ఆస్పత్రిలో నర్సు. అక్కడ దింపమని పద్మని అడిగితే, పద్మ నా తరఫున ఒప్పేసుకుంది.

ఆంటీ తెలుగు వాళ్ళ అవ్వ దగ్గర నేర్చినది. మధ్యమధ్య ఫిజీ హిందీ దూరుతుంది. ఒళ్ళో రోటీ పార్సెళ్ళ మూట పెట్టుకుని కూర్చుంది. ఆ మూటతో ఒక పెళ్ళివారిని సాగనంపవచ్చు.

"అరే, మొగం ఎందుకు అట్లా మాడ్చుకున్నావ్ అబ్బాయ్? నీ తోడల్లుడు ఏం చేస్తా ఉండాడు?"

"రుబ్బురోలు, ఆంటీ."

"రోలు కొనుక్కోవచ్చు గదా?"

"కొట్లు లేవు. ప్రపంచం అంతమైపోయింది."

"ఎప్పుడూ?" అని ఆంటీ కిటికీలోంచి తొంగి చూసింది. మోటర్‌వే మీద సగం ఆక్లాండ్ సెలవులకి పారిపోతోంది. ఈ చివరి నుంచి ఆ చివరికి కార్ల పైకప్పుల మీద నడిచి వెళ్ళిపోవచ్చు. "అంతమైపోతే వీళ్ళంతా ఎవరు?"

"వీళ్ళకింకా తెలీదు."

టైహపేలో పెద్ద బూటు

టౌపో సరస్సు దాటాక ఎడారి దారి వస్తుంది. పేరుకే ఎడారి. ఈ దేశంలో ఏప్రిల్ అంటే చలి మొదలు, నా మీసం కర్రలా బిగుసుకుపోయింది. కొండల మీద అప్పుడే మంచు. అక్కడ ప్రపంచం అంతమైందంటే నమ్మొచ్చు. మనిషి లేడు, చెట్టు లేదు, గాలి మాత్రం ఎవరిదో ఇల్లు వెతుక్కుంటున్నట్టు తిరుగుతోంది.

అది దాటాక టైహపే. అక్కడ ఊరివాళ్ళు రేకుతో ఒక బూటు చేసి నిలబెట్టారు. బురదలో వేసుకునే గంబూటు, కానీ మన కుంభకర్ణుడికి కూడా కాస్త వదులుగా ఉంటుంది. మన దగ్గర ఊరి మధ్య నాయకుల విగ్రహాలు పెడతాం. వీళ్ళు బూటు పెట్టారు. ఏ బూటూ మాట తప్పదు కదా, నాకు వీళ్ళ పద్ధతే నచ్చింది. ఆ నీడలో బల్ల మీద కూర్చుని ఆంటీ రోటీలు విప్పింది, లోపల చామదుంప కూర. నేను ఎదురుకొట్టులో ఒక 'పై' కొన్నాను, పిండిడిప్పలో మాంసం కూర నింపి కాల్చినది. ఆ ధరకి మా గుడివాడలో విస్తరేసి, నెయ్యి వడ్డించి, తాంబూలం చేతిలో పెట్టి, ఆటో దాకా వచ్చి సాగనంపుతారు. 'పై' కొరికితే లోపలి కూర నిప్పులా నాలుక కాల్చింది. ఆంటీ నా తిప్పలు చూస్తూ నిదానంగా రోటీ నమిలింది.

కారెక్కి తాళం తిప్పబోతుంటే అడిగింది: "పప్పు సంచీ ఏది?"

మినపగుళ్ళు కారులో వేడికి పురుగు పడతాయని చేతపట్టుకుని దిగానన్న మాట నిజం. బల్ల మీద పెట్టిన మాటా నిజం. మరిచిపోయింది నా చెయ్యి. నేను కాదు.

ఆంటీ దిగి వెళ్ళి సంచీ తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుంది. "చలికాలంలో పప్పుకి పురుగు పడతాదంట" అని సంచీతోనే చెప్పింది. అక్కణ్ణించి పామర్‌స్టన్ నార్త్ దాకా నాతో మాట్లాడలేదు. సంచీతోనే మాట్లాడింది.

పామర్‌స్టన్ నార్త్: అట్టపెట్టెల ఇల్లు

ఆ ఊరు ఇస్త్రీ చేసినట్టుంటుంది. ఒక చివర గోళీ వదిలితే రెండో చివర కూడా ఆగదు. అందరూ సైకిళ్ళ మీద పోతుంటారు. దూరంగా కొండల మీద గాలిమరలు వరసగా నిలబడి చేతులు తిప్పుతూ "నువ్వెందుకొచ్చావ్, నువ్వెందుకొచ్చావ్" అన్నాయి. నాకలాగే వినిపించింది.

కూతురికి రాత్రి డ్యూటీ ఉందని ఆంటీ నాతోపాటే రఘు ఇంటికి వచ్చేసింది. ఇంటి నిండా అట్టపెట్టెలు. ఒక్కొక్కదాని మీద రఘు గుండ్రటి అక్షరాలు: 'అన్న ఇల్లు, వంటగది.' 'అన్న ఇల్లు, గరాజ్.' 'అన్న ఇల్లు, గరాజ్.' 'అన్న ఇల్లు, గరాజ్, జాగ్రత్త.' నా ఇల్లు అక్కడ కుప్పలు పడి ఉంది. నాకింకా అప్పగింతలు జరగలేదంతే.

"ఏమన్నా, బాగుండావా?" అని రఘు కావలించుకున్నాడు. అతని అరచేతులు చూశాను. రాయిని రాయితో కొట్టి కొట్టి కాయలు కాచాయి. నా అరచేతులు జేబులో పెట్టుకున్నాను.

లత రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టింది. నాటుకోడి ఇక్కడెక్కడిదని అడిగితే, "ఇక్కడే పుట్టింది కదా బావా, ఈ దేశానికి ఇదే నాటు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "చిన్న గది చాలు బావా. మాకేం ఇబ్బంది లేదు. ఆయన పొద్దున్నే లేచి మీకు రోజూ దోసెలు పోస్తారు."

"నేను పోసుకోగలను" అన్నాను.

"ఏం లేదన్నా, నువ్వు పెనం సరిగ్గా కాగకముందే పోస్తావు. అందుకే అంటుకుంటాది. నేను చూపిస్తాలే" అన్నాడు రఘు, ఎంతో ప్రేమగా.

ఆ ముద్దతో నా నిర్ణయం జరిగిపోయింది. ఇతను గెలవాలి. ఎలాగైనా గెలిచి ఇక్కడే ఉండాలి.

వెయ్యేళ్ళ తర్వాత

మర్నాడు పొద్దున్నే జిల్ ఫారం చేరాం. ఒక్కసారి చూసి పోతానని ఆంటీ కూడా వచ్చింది, ఇక కదల్లేదు. జిల్ పొట్టి మనిషి, గొంతు మాత్రం రెండు కొండల అవతలి గొర్రెలకి వినిపిస్తుంది. ఆవిడ ఇంగ్లీషుని నా తెలుగులో పెడుతున్నాను. గేటు దగ్గర ఫోన్లు ఒక గంపలో వేయించుకుని, "పొయ్యి వెలుగుతోందా?" అంది.

అది అక్కడి నమస్కారం. "వెలుగుతోంది" అనాలి. మన "భోంచేశారా"కి దగ్గరి చుట్టం. నేను "గుడ్ మార్నింగ్" అన్నాను. పాత లోకపు మాట అన్నందుకు ఒక పూట గిన్నెలు తోమమని శిక్ష వేశారు.

జనం వేషాలు చెప్పలేను. ఒకాయన కీబోర్డు మీటలు గుచ్చి దండ వేసుకున్నాడు. కారు చక్రం మూత ఒకటి స్తంభానికి వేలాడుతుంటే అందరూ దానికి తల వంచి వెళ్తున్నారు. గడ్డం పెద్దాయన ఒకడు టీవీ రిమోటు చేతపట్టుకుని, "పూర్వీకులు దీన్ని పట్టుకుని నిద్రపోయేవారు" అని గంభీరంగా చెప్పాడు. మా ఇంట్లో రోజూ జరిగేది అదే కాబట్టి నేనూ భక్తిగా తల ఊపాను. ఒక గుంపు సబ్బు చేసింది. దాంతో చెయ్యి కడుక్కుంటే ఆ చేతిని మళ్ళీ వేరే సబ్బుతో కడుక్కోవాలి. ఇంకో గుంపు కాగితం చేసింది. అప్పడంలా విరిగింది. వీళ్ళెవరి మీదా నాకు అసూయ కలగలేదు. చాలా ప్రశాంతంగా తిరిగాను.

"నువ్వేం విద్య తెచ్చావ్?" అంది జిల్.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రపంచం ఉన్నప్పుడే అదేమిటో ఎవరికీ అర్థం కాదు. "వేరేవాళ్ళు చేసినదాంట్లో తప్పులు పడతాను" అన్నాను.

"అది ప్రళయంలో కూడా పోదులే" అని పక్కకి నెట్టింది.

రోలు

ఫారం మధ్య నుంచి ఒక ఏరు పారుతుంది. మన పంటకాలువంత. దాని ఒడ్డున రఘు చక్రం నిలబెట్టాడు. మనిషికి రెండింతలు ఎత్తు. పాత కంచె పలకలే దాని రెక్కలు. ఒక్క మేకు లేదు, అన్నీ కర్ర చీలలే. నీళ్ళు రెక్కని తోస్తే చక్రం తిరుగుతుంది, దాని ఇరుసుకున్న కర్రపళ్ళు పక్కన పడుకున్న ఇంకో చక్రం పళ్ళని తోస్తాయి. ఆ రెండోది నిలువుగా నిలబడ్డ పొత్రాన్ని రోట్లో గిరగిరా తిప్పాలి. రోలు ఏటిరాయి. వారాంతాలన్నీ కూర్చుని ఇంకో రాయితో కొట్టి గుంట తొలిచాడు.

గుంపంతా చేరింది. రఘు నీళ్ళకి అడ్డుగా ఉన్న పలక ఎత్తాడు.

ఏమీ జరగలేదు. నా గుండెలో సన్నాయి మోగింది. వెంటనే అట్టపెట్టెలు గుర్తొచ్చి ఆగింది.

రఘు వంగి, ఒక చీలని మడమతో తన్నాడు. చక్రం మూలిగింది, కదిలింది. పళ్ళు పళ్ళని పట్టుకున్నాయి. పొత్రం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని తిరగడం మొదలుపెట్టింది. గరగరగర. ఆ చప్పుడు నేను చిన్నప్పుడు విన్నాను. న్యూజీలాండ్‌లో గొర్రెల మధ్య మళ్ళీ వింటాననుకోలేదు. లత నానిన మినపగుళ్ళు, వాటి వెంట నానిన బియ్యం పిడికిలితో వేసింది. తెల్లటి పిండి అంచులెక్కింది. జనం చక్రం మూతకి కూడా వంచనంతగా తలలు వంచారు. కీబోర్డు దండాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"మా అవ్వకి ఇది ఉంటే ఇంకో నలుగుర్ని కనుండేది" అంది నాయుడు ఆంటీ.

నేను చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టాను. అసూయ ఉన్నవాడి చప్పట్లకి ఉండే బలం మామూలు మనిషి చేతికి రాదు. అరచేతులు ఎర్రబడ్డాయి. చివరికి నాకూ కాయలు కాస్తాయేమో అనుకున్నాను.

జిల్ పిండిలో వేలు ముంచి నాకి చూసింది. "బాగుంది. రేపు సాయంత్రం ముగింపు విందుకి దీంతో తిండి పెట్టు. జనం తింటే ఉద్యోగం నీది."

మూత

ఇక్కడే మా వాడు పప్పులో కాలేశాడు. వెయ్యేళ్ళ అవతలికి రోలుని మోసుకెళ్ళాడు గానీ, హాట్ వాటర్ కప్‌బోర్డుని మరిచిపోయాడు.

న్యూజీలాండ్‌లో ఇడ్లీ తినే ప్రతి ఇంటి రహస్యం అది. ఈ చలికి పిండి బల్ల మీద పొంగదు. వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమారలో తువ్వాళ్ళ మధ్య పడుకోబెడతాం, లేకపోతే ఓవెన్‌లో దీపం వేసి పెడతాం. ప్రళయం తర్వాత ట్యాంకేది, దీపమేది? కుండలు చేసే గుంపు దగ్గర మట్టికుండ తీసుకుని, పిండి పోసి, మూతపెట్టి, గొర్రె ఉన్నితో చుట్టి, కొట్టం మూల పెట్టాడు రఘు. "ఎవురూ మూత తీయొద్దండి" అన్నాడు.

మూత తీయవద్దంటే ఆగే జాతి కాదు మనది. పిండి పెట్టిన ఇంట్లో ప్రతివాడూ ఆ దారినే నీళ్ళు తాగడానికి వెళ్తాడు. నేను చీకటి పడేలోపు ఒకసారి తీశాను, పొంగలేదని తెలిసి తృప్తిగా మూశాను. తర్వాత కాస్త భయమేసి మళ్ళీ తీశాను. రాత్రి అందరం అక్కడే పడుకున్నాం, తెల్లవారగానే అందరికంటే ముందు వెళ్ళి తీశాను. పిండి నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది. ఎంత క్రమశిక్షణ గల పిండి! చల్లగా, చదునుగా, పామర్‌స్టన్ నార్త్‌లా ఉంది.

రఘు వచ్చి చూసి నేల మీద కూలబడ్డాడు. "ఎవురు తీసినారు?"

"నేను ఒక్కసారే" అంది లత. "ఉప్పు చూద్దామని."

"నేనూ ఉప్పుకే" అంది ఆంటీ.

"నువ్వూ?" అని నన్ను చూశాడు.

"ఉప్పు" అన్నాను.

రఘు తల వంచుకున్నాడు. "నేనూ మూడు తూర్లు తీసినా అన్నా."

అంతమంది మూతలెత్తితే ఆ కుండకి మిగిలిన కాస్త వెచ్చదనం కూడా మా ముక్కుల్లోకే పోయింది. దోసెలు పోద్దామంటే పెనం లేదు, ఇనుము కొట్టే గుంపు చేసినది మధ్యలో చిల్లుపడింది. పొంగని పిండితో ఇడ్లీ వేస్తే రోలుకి విడి భాగాలుగా పనికొస్తాయి, తినడానికి కాదు. లత అప్పుడే అక్కకి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టింది. నాకు చిన్న గది కనిపించింది. కాగిన పెనం కనిపించింది. "నేను చూపిస్తాలే అన్నా" వినిపించింది.

కూర్చోవడం

పద్మ మాట గుర్తొచ్చింది. చేతకాకపోతే కూర్చోండి. కొట్టం వెనక్కి వెళ్ళి, మెత్తగా కనిపించిన గుట్ట ఒకటి ఎక్కి కూర్చున్నాను. గాలి చెవులు కోస్తోంది. కాసేపటికి ఒక వింత గమనించాను. పైభాగం గడ్డకడుతోంది, కింది భాగం హాయిగా ఉంది. ఇంకాసేపటికి హాయి దాటి కాలింది. లేచి చూస్తే నేను కూర్చున్నచోట ఆవిరి లేస్తోంది. గొర్రెల పెంట, తడిగడ్డి కలిపి వేసిన ఎరువుకుప్ప అది.

జీవితంలో మొదటిసారి పరిగెత్తుకుంటూ రఘు దగ్గరికి వెళ్ళాను. "తమ్ముడూ, హాట్ వాటర్ కప్‌బోర్డు దొరికింది!"

అతను చెయ్యి పెట్టి చూశాడు. నా వైపు చూశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, నవ్వాడు. మరీ వేడి తగలకుండా కుప్ప అంచున గుంట తీసి, కుండకి ఉన్ని రెండు వరసలు చుట్టి, గుడ్డతో మూతి బిగించి దించాం.

"మరి మూత?" అంది లత. అందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం.

"ఈ అబ్బాయిని కూర్చోబెట్టు పైన" అంది ఆంటీ. "దొంగకే తాళం ఇచ్చేస్తే ఇంకెవరు తీస్తారు?"

అలా నేను గుట్ట మీద కాపలాకి కూర్చున్నాను. లత నీళ్ళు తాగే దారిలో వచ్చింది, పంపేశాను. ఆంటీ ఉప్పు పేరు చెప్పుకుని వచ్చింది, తరిమేశాను. జిల్ కూడా వచ్చి వాసన చూసి పోయింది. మధ్యాహ్నం దాటాక రఘు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పొంగిందా అన్నా?"

"మూత తీయను."

"తీయొద్దులే." ఏటి వైపు చూశాడు. చక్రం ఊరికే తిరుగుతోంది. "పొంగకపోయినా ఏం కాదులే. నీ దగ్గరికే కదా వచ్చేది. మీ గరాజ్‌లో కుళాయి పక్కన జాగా చూసి పెట్టుకున్యా. రోలు ఆడ సరిగ్గా పడతాది. సుద్దతో గుండ్రం గీసి వచ్చినా. నువ్వు చూసినావో లేదో."

"చూశాను" అన్నాను.

"నువ్వు పక్కన కుర్చీ ఏసుకుని తప్పులు పడతా ఉంటావు. నేను తిప్పుతా ఉంటా." నవ్వాడు. "అట్ల కూడా బాగుంటాది అనుకున్యా."

గొర్రె ఒకటి వచ్చి కుండ వైపు మూతి చాచింది. దాన్ని అవసరమైన దానికంటే గట్టిగా అదిలించాను.

విందు

పొద్దు వాలుతుండగా నా కింద ఏదో కదిలింది. భూకంపాల దేశం కదా, అదే అనుకుని దూకాను. పిండి. గుడ్డని బుడగలా పైకి తోసుకుని వస్తోంది. రఘు విప్పితే ఆ పులుపు వాసనకి నాకు పద్మ గుర్తొచ్చింది. ఇది ఆవిడకి చెప్పకండి.

పెద్ద కుండల్లో నీళ్ళు మరిగించి, మూతులకి తడిగుడ్డ వాసెన కట్టి, గరిటెతో పిండి వేశారు. ఏప్రిల్‌లో ఈ దేశంలో ప్రతి గేటు ముందూ సంచుల్లో ఊరికే తీసుకుపొమ్మని పెట్టే ఫీజోవా పళ్ళు, పచ్చటి పుల్లజామల్లాంటివి, ఫారంలో గుట్టలుగా రాలి ఉన్నాయి. ఆంటీ వాటిని పచ్చిమిరపకాయలతో అదే రోట్లో రుబ్బించింది. కీబోర్డు దండాయన ఆ పచ్చడి తిని వెయ్యేళ్ళ పూర్వీకులందర్నీ ఒక్కసారి చూసొచ్చాడు, మళ్ళీ ఇంకో రెండు ఇడ్లీలు పెట్టించుకున్నాడు. ఇడ్లీలా అవి? మేఘాలు. గట్టిగా ఊపిరి వదిలితే గాలిమరలున్న ఆ టరారువా కొండల మీదికి ఎగిరిపోయేవి. కుండలు నాకేశారు.

జిల్ చేతులు తుడుచుకుని రఘు చెయ్యి పట్టుకుంది. "మంగళవారం నుంచి రా."

లత వెళ్ళి ఆంటీ భుజం మీద పడి ఏడ్చింది.

అక్కడ ఇంకో ఆచారముంది. పని సాధించినవాళ్ళకి కొత్త పేరు పెట్టి గేటు దగ్గర స్తంభం మీద చెక్కుతారు. రఘు పేరు 'రాయికి నడక నేర్పినవాడు.' వినడానికి పురాణంలా లేదూ? ఎరువుకుప్ప సంగతి ఎవరికి తట్టిందని జిల్ అడిగితే, రఘు నన్ను చెయ్యి పట్టి ముందుకి లాగాడు. "మా అన్న" అన్నాడు. నాకూ పేరు పెట్టారు. దాని కిందే, అదే లోతున చెక్కారు. 'పెంట మీద కూర్చున్నవాడు.'

ఎండకి వానకి చెడని చెక్క అని గర్వంగా చెప్పింది జిల్. చాలా ఏళ్ళు ఉంటుందిట.

టకానిని

తిరుగుదారిలో ఆంటీ పక్క సీట్లో లేదు. కూతురి దగ్గర ఉండిపోయింది. సంచీ కూడా లేదు. బూటు దగ్గర ఆగాను, 'పై' కొనలేదు.

ఇంటికొచ్చేసరికి పద్మ చిన్న గదిలో మంచం విప్పేసింది. వాట్సాప్ గుంపులో రోలు వీడియోకి అత్తవారి వంశం మొత్తం దండాలు పెట్టింది, ఇంకా పుట్టని మనవలు కూడా పెట్టినట్టున్నారు. రఘు రోజూ ఒక ఫోటో పంపుతున్నాడు. బడిపిల్లలు చక్రం చుట్టూ, జిల్ పక్కన, ఆ గడ్డం రిమోటు ముసలాడు కూడా పక్కన ఒక స్టూలు వేసుకుని. ఆ స్టూలు మీద కూర్చుని వాడేం చేస్తాడు? వాడికి తప్పులు పట్టడం వచ్చా? నాకు పామర్‌స్టన్ నార్త్ అంటేనే ఒళ్ళు మండుతోంది. ఊరికి ఊరు మనిషిని ఉంచేసుకుంది.

మొన్న శనివారం దోసె పోశాను. పెనం బాగా కాగనిచ్చి పోశాను. అంటుకోలేదు.

"కారు ఎందుకండీ అంత పక్కకి పెడుతున్నారు? తలుపు గోడకి తగుల్తోంది. దిగలేకపోతున్నాను" అంది పద్మ గరాజ్‌లోంచి.

"కుళాయి దగ్గర తడిగా ఉంది, జారుతుంది" అన్నాను.

తడి లేదు. ఆ కుళాయి కారడం అతను ఎప్పుడో కట్టేశాడు. సుద్ద గుండ్రం మీద టైరు పడకుండా పెట్టాలంటే కారు ఆ మాత్రం పక్కకి పోవాలి.